పొయ్యి వెనుక రాతి తాపడము



ఈ మాటలను మీలో కొందఱు వంటయింటిలోనే, ఒక చేత గరిటె పట్టుకొని, పోపు మాడకుండ చూచుకొనుచు వినుచుండవచ్చును. అట్టివారు ఒక్క నిమిషము తల యెత్తి పొయ్యి వెనుకనున్న గోడను చూడవలెనని నా మనవి. నలువది యేండ్లకు పైగా నేనట్టి గోడ యొక్కదాని ముందు దినమునకు నాలుగైదు గంటలు నిలిచి వంట చేసితిని. ఐనను దానిని పెఱికించు దినము వచ్చువఱకు అందెన్ని బండలున్నవో లెక్కించి చూడనైతిని. ఏలూరికి ఉత్తరముగా సుమారు 12 కిలోమీటర్ల దూరముననున్న పెదవేగి మా యూరు. అచ్చటి మా పాత యింటి వంటగదిలో గోడకు తాపిన నల్లబండలను మొన్న మాఘమాసములో తొలగించితిమి. ఆ నాలుగు దినముల పనిలో నేను కన్నదియు, నేర్చినదియు మీతో చెప్పుకొనవలెనని వచ్చితిని.

మాది మట్టిగోడల మండువా లోగిలి. ఆగ్నేయమూలనున్న వంటగదిలో పూర్వము నేలమీది పొయ్యి ఉండెడిది. అందు మండెడిది కట్టెయు, తాటిమట్టయు, కోతలైన పిదప కొన్ని నెలలు ఊకయు. ఆ పొగకును, పోపుల చిందులకును, గంజి యావిరికిని తాళలేక గోడమీది సున్నపుపూత యేటేట పెచ్చులుగా రాలిపోవుచుండుటచేత, మా మామగారి తండ్రిగారు పొయ్యి వెనుక మూడడుగుల యెత్తువఱకు రెండు వరుసల నాపబండలను తాపించిరట. ఆ రాయి మా మెట్టది కాదు, దిగువ కొల్లేటి గడ్డదియు కాదు. మాది ఎఱ్ఱనేల, కొల్లేటివైపు పోయినకొలది నల్లని ఒండ్రుమట్టి. ఆ బండలు కడప, కర్నూలు సీమలనుండి పలనాటివఱకు భూగర్భమున పఱచుకొనియున్న సున్నపురాతి పొరలలో పుట్టినవి. ఈ రాతికి పలకలు పలకలుగా చీలు గుణము సహజము. అందుచేతనే రంపముతో నిమిత్తము లేకుండ, గునపముతోను చీలలతోను తీసి, బండ్లకెత్తి, దూరదేశములకు పంపగలిగిరి. కడపజిల్లాలోని నార్జి గ్రామము పేరు ఒక సున్నపురాతి పొరకే భూగర్భశాస్త్రజ్ఞులు పెట్టియున్నారు. బేతంచెర్ల బండలు, కడప బండలు అని మనము నేటికిని అంగడిలో అడుగునవి ఆ వంశములోనివే.

నల్లబండ చూపునకు మిక్కిలి కఠినముగా కన్పట్టును గాని, వంటయింటిలో దానికొక బలహీనత కలదు. పులుసు చిందినచోట దాని మెఱుగు పోయి, తెల్లని మచ్చ నిలిచిపోవును. చింతపండులోని ఆమ్లము రాతిలోని సున్నమును కొఱుకుటయే దానికి కారణము. ఎంత తోమినను ఆ మచ్చ పోదు, ఏలననగా అది రాతికంటిన మరక కాదు, రాయి తఱిగిపోయిన గుఱుతు. మా గోడకు అట్టి మచ్చలు రెండు బారులుగా ఉండెను. ఒక బారు నేలకు అడుగున్నర యెత్తున: అది పీటమీద కూర్చుండి వండిన మా అత్తగారిది, ఆమెకు ముందు ఆమె అత్తగారిది. రెండవది నాలుగడుగుల యెత్తున: అది నిలుచుండి వండిన నాది. నేను కాపురమునకు వచ్చిన కొన్నాళ్ళకు గ్యాసుపొయ్యి వచ్చెను, దానితో గట్టు వచ్చెను, గట్టుపైన మఱి రెండు వరుసల బండలు తాపిరి. పాత వరుసలు రెండును గట్టు క్రిందకు పోయి, గ్యాసు బండ వెనుక చీకటిలో పడియుండెను. మా అత్తగారి పులుసు మచ్చలు అన్నియేండ్లు ఆ చీకటిలోనే ఉన్నవన్నమాట. గట్టును పగులగొట్టి తీసిన దినమున వెలుతురు పడి అవి కన్పడగా, నేను కొంతసేపు పని ఆపి, నేలమీద ఆమె కూర్చుండెడి చోటనే కూర్చుంటిని. నా కన్నులకు సరిగా ఎదుట, చేయి చాచినంత దూరమున, ఆ మచ్చల బారు ఉండెను.

ఇంతకును ఆ గోడ నేల తీయించితిమో చెప్పవలెను. కుళాయి గొట్టము గోడలోపలనే కాఱి, పైవరుసల వెనుక తడి చేరెను. వ్రేలి కణుపుతో కొట్టినచో బండలు డొల్లగా మ్రోగజొచ్చినవి. ఒకనాటి రాత్రి ఒక బండ తనంత తాను జాఱి గట్టుమీద పడెను. ఆ సమయమున అక్కడ ఎవరును లేకపోవుట మా యదృష్టము. మా కోడలు అంతకుముందే చెప్పుచుండెను: “అత్తయ్యగారూ, ఈ నల్ల గోడ మీద జిడ్డు కనపడదు, కనపడదు గనక పేరుకుపోతుంది. సందుల్లో బొద్దింకలు. తెల్ల టైల్సు పెట్టేసుకుందామండీ.” ఆమె మాట యథార్థము. గోడ యెదుట నిత్యము నిలిచి పనిచేయువారికే ఆ గోడ యెట్లుండవలెనో నిర్ణయించు అధికారము కలదని నా నమ్మకము. ఒకప్పుడు ఆ యధికారము మా అత్తగారు నాకిచ్చినందుననే గట్టు వచ్చెను. కావున తీయుటకు నేను సమ్మతించితిని. ఎట్లు తీయవలెనన్న విషయమున మాత్రము పట్టుపట్టితిని.

దానికొక కారణము కలదు. అంతకు రెండేండ్ల క్రిందట ఏలూరిలో మా బంధువుల యింట ఇట్టి పనియే జరిగినది. పని ఒప్పుకొన్నవారు ఉదయమున విద్యుత్తుతో నడచు సుత్తియంత్రమును తెచ్చి, మధ్యాహ్న భోజనమువేళకు గోడనంతయు రద్దు కుప్ప చేసిరి. అవతలి గదిలో దేవుని పటములున్న గోడ నిలువున నెఱ్ఱె విచ్చెను. ఆ ముక్కలు సాయంకాలమునకు కాలువగట్టున పడినవి. ఒక తరమువారు బండ్లమీద తెప్పించి, కూలి యిచ్చి, మట్టము చూచి నిలిపిన దానిని, ఎవరును ఒక్కమాఱైనను తాకి చూడకుండ ఒక పూటలో నేల కూల్చుట నా కండ్లార చూచితిని. ఆ దుమ్ము వాసన నన్ను చాల దినములు విడువలేదు.

మాకు దొరకిన తాపీమేస్త్రి వయసు మీఱినవాడు. తొలిదినమున చేత చిన్న సుత్తియు, సుద్దముక్కయు మాత్రమే తెచ్చెను. పైనుండి క్రిందివఱకు ఒక్కొక్క బండను మెల్లగా తట్టుచు, చెవి యొగ్గి వినుచు, కొన్నిటిపై సున్నలు చుట్టుచు, కొన్నిటిపై అడ్డగీతలు గీచుచు గంటసేపు గడపెను. పిదప నావైపు తిరిగి, “అమ్మగారండీ, పైవన్నీ సిమెంటు మీదున్నాయండి, ముక్కలవుతాయి. కింద రెండు వరసలూ గానుగ సున్నం మీదున్నాయి. అవి అడిగితే వచ్చేస్తాయండి” అనెను. ‘అడిగితే వచ్చును’ అన్న ఆ మాట నా మనస్సున నాటుకొనెను. పని ముగియువఱకు నేను దాని సత్యమును పరీక్షించుచునే యుంటిని.

గ్యాసు బండను పెరటిలోనికి చేర్చితిమి. గోడలో తీగలు పోవుచున్నవేమో అని కరెంటు కట్టివేసితిమి. కుళాయికి నీరు వచ్చు దారిని మూసితిమి. ముక్కునకు తడిగుడ్డ కట్టుకొనక ఎవరును లోనికి రాగూడదని మేస్త్రి శాసించెను. ఆ రాతిదుమ్ము ఊపిరితిత్తులకు చేయు హాని యెట్టిదో బండలు కోయు పనివారిని చూచినవాడతడు. బండలపై నీరు చిలుకరించి పైవరుసనుండి మొదలిడెను. సందులను సన్నని ఉలితో గీకి, అంచున ఉలి ఆనించి, ఎంత నెమ్మదిగా కొట్టినను, సిమెంటుమీది బండ విడువలేదు. విడువకపోవుటయే కాదు, బండయే తన పొరలలోనికి చీలిపోయి, సగము మందము గోడకంటియుండ సగము మాత్రము చేతికి వచ్చెను. ఎనిమిదింట ఒక్కటి నిండుగా దక్కెను, అదియును తడికి ఉబ్బి ముందే విడిపోయినది. మూడవదినమున క్రింది వరుసలకు వచ్చితిమి. అచ్చట సందులోని సున్నము ఉలికి పొడిపొడిగా రాలెను. సన్నని చెక్కచీలను పైయంచున దూర్చి, అంగుళము అంగుళము జరుపుచు పోగా, బండ చిన్న నిట్టూర్పు వంటి చప్పుడు చేసి ముందునకు వాలెను. ఇద్దఱు మనుష్యులు గోనెసంచి వేసి దానిని పట్టుకొనిరి. రెండడుగుల పొడవు, అడుగున్నర యెత్తు, అంగుళము మందము గల ఆ బండ యొక్కొక్కటి సుమారు 20 కిలోల బరువుండును. ఎనిమిదింటిలో ఏడు నిండుగా వచ్చినవి. ఎనిమిదవది పూర్వమే పగిలినది.

మొదటి బండ నేలకు దిగగానే మేస్త్రియు, అతని కూలివాండ్రును, పెరటి వాకిట నిలిచి చూచుచున్న ఇరుగుపొరుగువారును ఒక్కసారిగా, “వెనక్కి తిప్పండి, వెనక్కి తిప్పండి” అనిరి. ఈ మాట మఱియొక యూరిలో వినబడునో లేదో గాని, మా పెదవేగిలో వినబడుట సహజము. పెదవేగియే ప్రాచీనమైన వేంగీపురము. సముద్రగుప్తుని ప్రయాగ స్తంభశాసనములో వేంగీరాజైన హస్తివర్మ పేరు కలదు; ఆతడు శాలంకాయనుడు. శాలంకాయనులు తమ తామ్రశాసనములలో చిత్రరథస్వామి పాదములను స్మరించుకొనిరి. ఆ పేరుగల దేవుడు మా యూరిలో నేటికిని పూజలందుకొనుచున్నాడు. పిమ్మట విష్ణుకుండినులు, 7వ శతాబ్దమునుండి తూర్పుచాళుక్యులు ఈ నేల నేలిరి. రాజధాని రాజమహేంద్రవరమునకు తరలిపోయిన పిదప, రాతిని ఇటుకను అడుగువారు లేకపోయిరి, అవి దిబ్బలైనవి. ధనమ్మదిబ్బను భారత పురావస్తుశాఖవారు త్రవ్వించి చూచినది నిన్నమొన్నటి మాట. ఇట్టి యూరిలో పుట్టిపెరిగినవారు రాతిని చూచినంతనే దాని రెండవముఖమును చూడగోరుటలో వింత యేమున్నది? మేమును తిప్పి చూచితిమి. ఏడు బండలను తిప్పి చూచితిమి. ఉలిదెబ్బల వరుసలును, చారలు చారలుగా అంటిన సున్నమును తప్ప వేఱేమియు లేదు. పిల్లలు నిరుత్సాహపడిరి. నాకు మాత్రము ఆ ఉలిదెబ్బలే చాలినవి. గనిలో ఆ బండను చీల్చినవాని చేయి ఎటునుండి ఎటు పోయినదో అందు స్పష్టముగా తెలియుచుండెను.

బండను తిప్పి చూచుటయనగా నా మనస్సు అమరావతికి పోవును. 18వ శతాబ్దము చివఱ వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు చింతపల్లినుండి నివాసము మార్చుకొని అమరావతిలో పట్టణము కట్టించుచు, ఇటుకకును రాతికిని దీపాలదిన్నె అను పాతదిబ్బను త్రవ్వించిరి. అది బౌద్ధస్తూపము కూలి యేర్పడిన దిబ్బ. త్రవ్వినకొలది చెక్కడపు పలకలు బయల్పడినవి. తూర్పిండియా కంపెనీ సర్వేయరైన కాలిన్ మెకంజీ సంగతి విని వచ్చి చూచెను. 1816లో మఱల వచ్చి ఆ శిల్పములకు చిత్రములు వ్రాయించెను. కాని ఈలోపల ఎన్నియో పలకలు మెట్లలోనికిని గోడలలోనికిని పోయినవి. మఱికొన్ని సున్నపుబట్టీలలో కాలి బూడిదవలె తెల్లబడినవి. 1845లో కంపెనీ యుద్యోగి వాల్టర్ ఇలియట్ త్రవ్వించి తీసిన పలకలు మద్రాసు చేరి, తరువాత అందు అనేకము సముద్రము దాటి లండనుకు పోయినవి. నాయుడుగారిని నిందించుటకు నాకు మనసొప్పదు. అమరేశ్వరాలయమును ఉద్ధరించిన దాత ఆయన. ఆనాడు ఆ దిబ్బలో ఏమున్నదో చెప్పగలవారు ఆయన చుట్టును లేరు. ఆ పలకలును మా వంటయింటి బండలవంటి సున్నపురాయియే కావున, వానిని బట్టీలో వేసినవానికి అవి మంచి సున్నమునే యిచ్చియుండును. రాయి మంచిదగుటయే దాని ప్రాణము మీదికి తెచ్చినది. ఈ విషయము తలచినప్పుడెల్లను నాకు దుఃఖము కలుగును.

అదే అమరావతి పలక యొకటి బ్రిటిష్ మ్యూజియములో కలదు. దాని యొకప్రక్క క్రీస్తుపూర్వము 1వ శతాబ్దమునాటి చెక్కడము: బోధివృక్షము, దాని క్రింద శూన్యమైన ఆసనము, చుట్టును సేవించు జనులు. రెండవప్రక్క క్రీస్తుశకము 3వ శతాబ్దమునాటిది: సంపూర్ణమైన స్తూపాకృతి, సింహములు, ద్వారమునందు బుద్ధుడు. అనగా అమరావతి శిల్పులు తమ స్తూపమును నవీకరించునప్పుడు, మూడు నాలుగు వందల యేండ్లనాటి పాత పలకను పగులగొట్టక, సందు చూచి విడదీసి, వెనుకకు త్రిప్పి, నున్నచేసి, కొత్త కాలమునకు కొత్త శిల్పమును దానిమీదనే చెక్కి, మఱల నిలిపిరి. పాత చెక్కడము లోపలివైపునకు పోయి చీకటిలో చెక్కుచెదరక నిలిచెను. స్తూపము కూలి, దిబ్బయై, ఎవరో త్రవ్వినప్పుడు రెండు ముఖములును ఒకసారియే వెలుగు చూచినవి. మఱమ్మతు పనులలో ఇంతకంటె గౌరవముగల పనిని నేను వినలేదు. ఈ సంగతిని నేను వంటయింటి గడపలో కూర్చుండి మేస్త్రికి చెప్పగా, అతడు సాంతము విని, మా బండ యొకదాని వెన్నును అరచేతితో నిమిరి, “అయితే ఇవీ తిప్పి పెట్టుకోవచ్చు కదండీ, కొంచెం సానబడితే సరి” అనెను. పులుసు మచ్చలు లోపలికి పోవును. ఉలిదెబ్బల ముఖము వెలుపలికి వచ్చును. అట్లు చేయవచ్చునని అంతవఱకు మాలో ఎవరికిని తోచలేదు.

‘అడిగితే వచ్చును’ అన్న మాటకు అర్థము ఆ సాయంకాలము నాకు బోధపడెను. సున్నపురాయిని బట్టీలో కాల్చినప్పుడు దానిలోని బొగ్గుపులుసు గాలి వెడలిపోయి పొడిసున్నము మిగులును. నీరు చల్లినచో అది బుస్సుమని పొంగి తడిసున్నమగును. దానిని ఇసుకతో కలిపి, ఎద్దులు త్రిప్పు గానుగలో నూఱి, కరక్కాయ నీరును బెల్లపు నీరును చేర్చి, పూర్వులు గోడలకు వాడిరి. మా కొల్లేటివైపును సముద్రతీరమునను గుల్లసున్నము కూడ వాడుకలో నుండెడిది. గోడలో చేరిన సున్నము పోగొట్టుకొన్న ఆ గాలినే యేండ్ల తరబడి మెల్లమెల్లగా మఱల పీల్చుకొని, తిరిగి రాయియగును. ఐనను తాను పట్టుకొన్న బండకంటె మెత్తనిరాయిగానే యుండును. కావున బలము ప్రయోగించినప్పుడు ముందు విఱుగునది సున్నమే, బండ కాదు. సిమెంటు స్వభావము వేఱు. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను తాపీపనివాడు పోర్ట్‌లాండు సిమెంటునకు అధికారపత్రము పొందిన నాటినుండి లోకమంతయు దాని పట్టునే ప్రశంసించుచున్నది. వంతెనకును ఆనకట్టకును ఆ పట్టు కావలసినదే. వంటయింటి గోడకు అంత పట్టు నిష్ప్రయోజనము. నలువది యేండ్లకో, ఏబది యేండ్లకో గొట్టము కాఱును, పొయ్యి మాఱును, కోడలు వచ్చును. ఆ గోడ విప్పబడక తప్పదు. మా మామగారి తండ్రిగారికి సిమెంటు అందుబాటులో లేకపోవుటచేతనే సున్నము వాడియుండవచ్చును. కారణమేదైనను, తరువాతివారు విప్పుకొనగల గోడను ఆయన కట్టించిరి. మేము కట్టించిన పైవరుసలు మా కోడలికి రద్దుగా మిగిలినవి. ఆ రద్దును పెరటిగుమ్మము ముందు వానకు గుంటపడిన చోట నింపి దిమ్మిస చేయించితిమి, కాలువగట్టునకు పంపలేదు.

గోడ బోసిపోయిన తరువాత దానిని పదునైదు దినములు ఆఱనిచ్చితిమి. తడి లోపలనుండగా ఏమి తాపినను మఱల ఉబ్బునని మేస్త్రి చెప్పెను. ఆ పదునైదు దినములును పెరటిలో కుంపటిమీద వంట చేసికొంటిమి. కుళాయి గొట్టమును గోడలోనుండి వెలుపలికి తెచ్చి, ఎప్పుడు కాఱినను కంటికి కనబడునట్లు బిగించితిమి. పొయ్యి వెనుక నాలుగడుగుల మేర మా కోడలు కోరిన తెల్లని టైల్సు వచ్చినవి. పులుసు వానిని కొఱుకదు, తడిగుడ్డతో తుడిచిన చాలును. అవి సిమెంటుతోనే అతికినవి. కుళాయిప్రక్క, బిందెలును రుబ్బుయంత్రమును ఉండుచోట, పాత బండలు ఏడింటిని వెనుకకు త్రిప్పించి, సానబట్టించి, సున్నముతో నిలిపించితిమి. దానికై మేస్త్రి సున్నమును ముందుగానే తెచ్చి పెరటి తొట్టిలో నీటిలో నానవేసి, ఎవరును చేయి పెట్టకుండ రేకు మూసియుంచెను. పిల్లలకు కన్నులలో పడిన ప్రమాదమని పదిమార్లు చెప్పెను. పగిలిన ఎనిమిదవ బండ రెండు ముక్కలును తులసికోట చుట్టును పఱచితిమి.

సాన ఎంత పట్టినను ఉలిదెబ్బలు పూర్తిగా పోలేదు. ఉదయమున కిటికీలోనుండి ఎండ ఏటవాలుగా పడినప్పుడు అవి చిన్న చిన్న నీడలుగా కన్పట్టును. మా కోడలు ఆ సమయముననే కాఫీ కాచుకొనుచు వానిని చూచుచుండును. సందులలోని సున్నమింకను పచ్చిగానే యున్నది. వ్రేలు తాకించినచో తెల్లగా అంటుచున్నది. అది గట్టిపడుటకు చాల కాలము పట్టును.